తిట్టుకోకుండా రాసుకునే డైరీ

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలు, చదువుకునేవాళ్ల కోసం)

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను మోటివేషన్ స్పీచులు ఇచ్చేవాణ్ణి కాదు. కాకినాడలో ఐటీఐ చదివాను, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్, రెండేళ్ల కోర్సు. తర్వాత కొన్నేళ్లు గల్ఫ్‌లో చేశాను. ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటూ, ఫిలడెల్ఫియా చుట్టుపక్కల కట్టే బిల్డింగుల దగ్గర సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. పొద్దున్నే ఆరింటికి హెల్మెట్ పెట్టుకుంటే మళ్లీ తీసేది సాయంత్రమే. అలాంటివాణ్ణి పట్టుకుని "మనల్ని మనం చూసుకోవడం, చిన్న చిన్న లక్ష్యాలు పెట్టుకోవడం, జీవితాన్ని కాస్త సర్దుకోవడం" గురించి మాట్లాడమన్నారు. నాకు తెలిసింది ఒకటే, సైట్ పద్ధతి. అదే చెప్తాను. మీకు పనికొచ్చింది తీసుకోండి, మిగతాది వదిలెయ్యండి.

సైట్‌లో ప్రతి సాయంత్రం డైలీ రిపోర్ట్ అని ఒకటి రాస్తాం. అందులో ఏముంటుంది? వాతావరణం ఎలా ఉంది, ఎంతమంది పనికొచ్చారు, ఏ పని ఎక్కడిదాకా అయింది, ఏ లారీ ఏ సామాను తెచ్చింది, ఇన్‌స్పెక్టర్ వచ్చాడా, ఏ పని ఆగింది, ఎందుకు ఆగింది. అంతే. రేపు రెండేళ్ల తర్వాత ఏదైనా గొడవ వస్తే లాయర్లు ముందు అడిగేది ఈ కాగితాన్నే. అందుకని అందులో జరిగింది మాత్రమే రాయాలి. "ఈరోజు దరిద్రంగా గడిచింది" అని ఎవరూ రాయరు. "పదకొండు నుంచి ఒంటిగంటన్నర దాకా వాన. కాంక్రీట్ పని ఆగింది. ఆరుగురు ఖాళీగా ఉన్నారు" అని రాస్తారు.

ఇప్పుడు మన సంగతి చూడండి. రాత్రి పడుకోబోయే ముందు మనసులో మనం రాసుకునే రిపోర్ట్ ఎలా ఉంటుంది? "ఈరోజు కూడా ఏమీ చెయ్యలేదు. నేనింతే. నా వల్ల కాదు." ఇది రిపోర్ట్ కాదండీ, తీర్పు. అందులో వాన ఎప్పుడు పడిందో లేదు. ఏ పని ఎక్కడ ఆగిందో లేదు. ముద్దాయి ఒక్కడే ఉన్నాడు. ఇలాంటి రిపోర్ట్ సైట్‌లో ఇస్తే మళ్లీ రాసుకురమ్మని వెనక్కి పంపిస్తారు.

మన పాతకాలం కొట్లలో ఇంతకన్నా మంచి పద్ధతి ఉండేది. చిట్టా, ఆవర్జా. చిట్టాలో ఏ రోజు జమా ఖర్చు ఆ రోజు, వచ్చింది వచ్చినట్టు రాసేవారు. తర్వాత తీరిగ్గా కూర్చుని, ఎవరి ఖాతా వాళ్ల కింద ఆవర్జాలోకి ఎక్కించేవారు. చిట్టా రాసేటప్పుడు లాభమా నష్టమా అని ఏడుస్తూ కూర్చోరు. అది ఆవర్జా చూసినప్పుడు తెలుస్తుంది. మనం ఈ రెండు పనులూ ఒకేసారి, అదీ రాత్రి పదకొండింటికి, అలిసిపోయి ఉన్నప్పుడు చేస్తాం. అక్కడే తిట్లు మొదలవుతాయి. రోజూ రాయడం వేరు, వారానికోసారి లెక్క చూడటం వేరు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే సగం పని అయినట్టే.

ఇక్కడ ఫిలడెల్ఫియాలో ఈ పని చేసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. వంద డాలర్ల నోటు మీద బొమ్మ ఉంటుంది కదా, బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1706లో బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి కొవ్వొత్తులు, సబ్బులు చేసేవాడు. పదేళ్లకే బడి మానేశాడు. పన్నెండేళ్లకి అన్నగారి ప్రింటింగ్ ప్రెస్‌లో అప్రెంటిస్. పదిహేడేళ్లప్పుడు, 1723లో, ఫిలడెల్ఫియా చేరాడు. అంటే డిగ్రీల మనిషి కాదు, చేతిపని మనిషి. అందుకే నాకు ఆయనంటే ఇష్టం.

ఆయన వయసులో ఉన్నప్పుడు ఒక చిన్న పుస్తకం తయారు చేసుకున్నాడు. తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు ఈ సంగతి. మంచి గుణాలు పన్నెండు రాసుకున్నాడు: మితంగా తినడం తాగడం, అనవసరంగా మాట్లాడకపోవడం, వస్తువులూ పనులూ పద్ధతిగా ఉంచుకోవడం, ఇలాగ. అది చూసిన ఒక స్నేహితుడు "నీకు గర్వమని జనం అనుకుంటున్నారు" అని చెప్తే, పదమూడోది వినయం అని చేర్చాడు. ఒక్కో గుణానికి ఒక పేజీ. పేజీలో ఏడు రోజులకి ఏడు గడులు, ఎర్ర సిరాతో గీతలు. తప్పిన రోజు ఒక నల్ల చుక్క. వారానికి ఒక్క గుణం మీదే దృష్టి. పదమూడు వారాలకి ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. పదమూడు నాలుగులు యాభైరెండు, ఏడాదికి సరిగ్గా సరిపోయింది.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, పదమూడూ ఒకేసారి ఎత్తుకోలేదు. వారానికి ఒకటి. మిగతావాటికి చుక్కలు పెట్టుకుంటూనే ఉన్నాడు గానీ వాటితో కుస్తీ పట్టలేదు. మనం జనవరి ఒకటిన ఏం చేస్తాం? జిమ్, డైట్, పొదుపు, పొద్దున్నే లేవడం, పిల్లలతో గడపడం, కొత్త కోర్సు, అన్నీ ఒకే రోజు మొదలు. సైట్‌లో ఇలా ఆరు టీములని ఒకే గదిలోకి పంపిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకళ్ల నిచ్చెన ఇంకొకళ్లకి అడ్డం. సాయంత్రానికి ఏ పనీ కాదు.

ఆయన తన రోజుకి ఒక టైంటేబుల్ కూడా వేసుకున్నాడు. పొద్దున్నే అయిదింటికి లేవడం, ఇవాళ ఏం మంచి పని చెయ్యాలి అని అడుక్కోవడం. సాయంత్రం పని అయ్యాక వస్తువులు వాటి వాటి చోట్లలో పెట్టడం, భోజనం, కాస్త సంగీతం, కబుర్లు, చివర్న ఇవాళ ఏం మంచి చేశాను అని అడుక్కోవడం. పదింటికి నిద్ర. చూడండి, రాత్రి ప్రశ్న కూడా ఏం పాడుచేశాను అని కాదు, ఏం మంచి చేశాను అని.

మరి అంతా సాధించాడా అంటే, లేదు. మూడో గుణం ఉందే, పద్ధతిగా ఉండటం, అదే తనని ఎక్కువ ఏడిపించిందని ఒప్పుకున్నాడు. పెట్టిన చుక్కలు గీకేసి మళ్లీ రాసీ రాసీ పుస్తకం చిల్లులు పడిందట. తర్వాత ఏనుగు దంతపు రేకుల పుస్తకంలోకి మార్చి, పెన్సిల్‌తో చుక్కలు పెట్టి, తడి స్పాంజితో తుడుచుకునేవాడు. అనుకున్నంత గొప్పవాణ్ణి కాలేకపోయాను గానీ, ప్రయత్నించడం వల్ల మెరుగయ్యాను, సంతోషంగా ఉన్నాను అన్నట్టు రాశాడు.

అక్కడే ఒక గొడ్డలి కథ చెప్తాడు. ఒకాయన కమ్మరి దగ్గర గొడ్డలి కొని, అంచు మెరుస్తున్నట్టే గొడ్డలి మొత్తం మెరవాలి అన్నాడు. సరే, నువ్వు సానరాయి చక్రం తిప్పు, నేను నూరతాను అన్నాడు కమ్మరి. గొడ్డలి వెడల్పు భాగాన్ని రాయికేసి గట్టిగా నొక్కాడు. తిప్పేవాడికి ప్రాణం పోతోంది. మధ్యమధ్య లేచొచ్చి చూస్తున్నాడు. చివరికి, ఇలాగే ఇచ్చెయ్యి అన్నాడు. ఇంకా మచ్చలున్నాయి, తిప్పు, అన్నాడు కమ్మరి. ఉంటే ఉన్నాయిలే, నాకు మచ్చల గొడ్డలే నచ్చింది అన్నాడట ఆయన.

మధ్యలో మానేసే మనుషుల మీద వేళాకోళంగా చెప్పిన కథ ఇది. నేను మాత్రం పనిముట్లు వాడేవాణ్ణి కాబట్టి ఇంకోటి కూడా చూస్తాను. కట్టెలు కొట్టేది అంచు. అంచు పదునుగా ఉండాల్సిందే, అక్కడ రాజీ లేదు. వెడల్పు భాగం మీద మచ్చలుంటే కట్టె తెగడం ఆగదు. కాబట్టి మీ జీవితంలో అంచు ఏదో, మచ్చలున్నా ఫర్వాలేని భాగం ఏదో ముందు తేల్చుకోండి. ఆరోగ్యం, ఇంట్లోవాళ్లతో మాట, అప్పు కట్టడం, ఇవి అంచు కావచ్చు. గ్యారేజీ మ్యాగజైన్ ఫొటోలా ఉండటం అంచు కాదు. చాలామంది గ్యారేజీ నూరుతూ అలిసిపోయి, అంచు మొద్దుబారినా చూసుకోరు.

ఫ్రాంక్లిన్ గురించి ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆయన ఇంట్లో బానిసలుగా ఉంచుకున్న మనుషులు ఉన్నారు. పదమూడు గుణాల్లో న్యాయం అని ఒక గుణం ఉంది గానీ, ఆ పుస్తకం ఈ ప్రశ్న అడిగినట్టు లేదు. ముసలితనంలో, 1787లో, పెన్సిల్వేనియాలో బానిసత్వం పోవాలని పనిచేసే సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1790లో, చనిపోయే ఏడాది, ఆ సంఘం తరఫున కాంగ్రెస్‌కి అర్జీ మీద సంతకం పెట్టాడు. అంత శ్రద్ధగా చుక్కలు పెట్టుకున్నవాడికి కూడా అసలు గడి పడటానికి అన్నేళ్లు పట్టింది. అందుకే అప్పుడప్పుడు అడుక్కోవాలి: నా పుస్తకంలో లేని గడి ఏది? దాన్ని చూపించేది మనం కాదు, ఆ వినయం గురించి చెప్పిన స్నేహితుడిలాంటి వాళ్లు. ఒక్కోసారి మన ఇంట్లోవాళ్లే.

మార్కెట్ స్ట్రీట్ దగ్గర ఫ్రాంక్లిన్ కోర్ట్ అని ఉంది, ఫిలడెల్ఫియా వస్తే చూడండి. ఆయన ఇల్లు 1812లో పడగొట్టేశారు. 1976లో ఆ స్థలంలో ఏదో ఒకటి కట్టాలనుకున్నప్పుడు, రాబర్ట్ వెంచూరి, డెనిస్ స్కాట్ బ్రౌన్ అనే ఆర్కిటెక్టులు ఇల్లు తిరిగి కట్టలేదు. ఆ ఇల్లు సరిగ్గా ఎలా ఉండేదో చెప్పే ఆధారాలు చాలవు. అందుకని ఇంటి ఆకారానికి ఇనుప చట్రం మాత్రం నిలబెట్టారు. గోడల్లేవు, కిటికీల్లేవు. తెలిసినంతవరకే. నాకు అది భలే నచ్చుతుంది. మన గురించి మనం రాసుకునేటప్పుడు కూడా అంతే. తెలిసింది రాద్దాం. తెలియనిచోట గోడలు కల్పించొద్దు.

సరే, జరిగింది రాయడం అయింది. రేపటి సంగతేమిటి? లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలి?

మా లైనులో లాస్ట్ ప్లానర్ అని ఒక పద్ధతి ఉంది. గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ అని ఇద్దరు అమెరికన్లు తెచ్చారు. 1997లో లీన్ కన్‌స్ట్రక్షన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది కూడా వాళ్లే. వాళ్లు సైట్లకి వెళ్లి ఒక చిన్న లెక్క తీశారు. ఈ వారం చేస్తామని ప్లానులో రాసుకున్న పనుల్లో ఆ వారం నిజంగా పూర్తయ్యేవి ఎన్ని? సుమారు 54 శాతం. మంచి కంపెనీలు, అనుభవం ఉన్న ఫోర్‌మన్లు, జీతం తీసుకుని చేసే పని. అయినా సగానికి కాస్త పైన.

దానికి వాళ్లు చెప్పిన మందు "ఇంకా గట్టిగా పనిచెయ్యండి" అని కాదు. నాలుగు మాటలు విడదీశారు. నా భాషలో చెప్తాను. చెయ్యాల్సింది. చెయ్యగలిగింది. చేస్తానన్నది. చేసింది. ఈ నాలుగూ వేరు వేరు. పెద్ద షెడ్యూల్ చెప్పేది చెయ్యాల్సింది. కానీ డ్రాయింగ్ వచ్చిందా, సామాను వచ్చిందా, ముందు పని అయిందా, మనుషులున్నారా, ఇన్‌స్పెక్షన్ అయిందా, ఇవన్నీ చూస్తే గానీ చెయ్యగలిగింది తేలదు. చెయ్యగలిగిన దానిలోంచే మాట ఇవ్వాలి. వారం చివర ఎన్ని మాటలు నిలబడ్డాయో చూసుకోవాలి. నిలబడని ప్రతిదానికీ కారణం రాయాలి. ఎవరిది తప్పు అని కాదు, ఏది అడ్డం వచ్చింది అని. వచ్చే వారం ఆ అడ్డం తియ్యాలి.

లాస్ట్ ప్లానర్ అంటే ఎవరో తెలుసా? పెద్ద ఆఫీసులో ఉన్న మేనేజర్ కాదు. "రేపు ఈ గోడ అయిపోతుంది" అని చివరికి మాట ఇచ్చే ఫోర్‌మన్. మీ జీవితానికి చాలామంది ప్లానర్లు ఉంటారు. అమ్మానాన్నలు, అత్తమామలు, వాట్సాప్ గ్రూపులో బావగారు, ఇల్లు కొన్న పక్కింటివాళ్లు. అందరూ చెయ్యాల్సింది చెప్తారు. రాత్రి మీరు ఎన్ని గంటలు పడుకున్నారో తెలిసిన ప్లానర్ మాత్రం మీరొక్కరే. ఆఖరి మాట మీది.

మా వీధిలో బేస్‌మెంట్‌లో అద్దెకుండే గుంటూరు కుర్రాడి సంగతి చెప్తాను, అతను చెప్పమన్నాడు కాబట్టి. మే నెలలో ఎంఎస్ అయింది. ఓపీటీ మీద ఉన్నాడు. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం కలిపి 90 రోజులు, మీకు తెలుసు. గోడ మీద ఒక కాగితం, దాని మీద పద్నాలుగు లక్ష్యాలు. మొదటిది "జూన్‌లోపు జాబ్". పొద్దున్నే అయిదింటికి లేవడం, రోజూ అయిదు కోడింగ్ ప్రాబ్లమ్స్, జిమ్, ఇంటికి డబ్బు పంపడం. అన్నిటి పక్కనా ఇంటూ మార్కులు. ఆదివారం ఇంట్లోంచి ఫోనొస్తే ఎత్తడం మానేశాడు. "ఎత్తితే ఏం చెప్పను బాబాయ్?" అన్నాడు.

ఆ కాగితం తీసి కిచెన్ టేబుల్ మీద పెట్టి, నాలుగు గడులు గీశాం. "జాబ్ రావాలి" అన్నది చెయ్యాల్సింది గడిలోనే ఉండిపోయింది. ఎందుకంటే అది ఇచ్చేది అతను కాదు. అతని చేతిలో ఉన్నదేమిటి? గురువారం ఫ్రెండ్‌తో మాక్ ఇంటర్వ్యూ. రెజ్యూమేలో ఒక ప్రాజెక్ట్ తిరగరాయడం. పాత ప్రొఫెసర్‌కి ఒక మెయిల్. లైబ్రరీలో రెండు పూటలు చదవడం. ఆదివారం అమ్మకి పది నిమిషాలు ఫోన్. అయిదే. "ఇంతేనా బాబాయ్, టైం అయిపోతోంది" అన్నాడు. "టైం తక్కువున్నప్పుడే అబ్బాయ్, జరిగే పని మాత్రమే రాసుకోవాలి" అన్నాను.

మొదటివారం అయిదింటిలో మూడు అయ్యాయి. తల దించుకుని చూపించాడు. "అరవై శాతం రా. అమెరికా కన్‌స్ట్రక్షన్ సైట్ల కన్నా ఆరు శాతం ఎక్కువ" అన్నాను. నవ్వాడు. మిగతా రెండిటికీ కారణాలు రాశాం. మాక్ ఇంటర్వ్యూకి వెళ్లడానికి కారు దొరకలేదు, వచ్చేవారం వీడియో కాల్‌లో పెట్టుకున్నాడు. లైబ్రరీకి ఒక పూట సెలవు, జూన్ 19. అందులో అతని బద్ధకం ఎక్కడా లేదు. ఇన్నాళ్లూ గోడ మీద కాగితం మాత్రం బద్ధకమనే చెప్తూ వచ్చింది.

ఉద్యోగం వచ్చిందా అని అడుగుతారు. వచ్చింది, 81వ రోజున. ఈ పద్ధతి వల్లే వచ్చిందని నేను చెప్పను, మార్కెట్ మన చేతిలో లేదు. కానీ అమ్మ ఫోన్ ఎత్తడం మొదటివారంలోనే మొదలుపెట్టాడు. అది నాకు ఉద్యోగం కన్నా పెద్ద సంగతి.

ఎందుకంటున్నానంటే, మనుషులు తమని తాము తిట్టుకుంటూ ఎక్కడిదాకా వెళ్తారో మా రంగంలో అందరికీ తెలుసు. సీడీసీ లెక్కల్లో, ఆత్మహత్యల రేటు బాగా ఎక్కువగా ఉన్న రంగాల్లో కన్‌స్ట్రక్షన్ ఒకటి. ఇప్పుడు మా పొద్దుటి టూల్‌బాక్స్ టాక్స్‌లో నిచ్చెనల గురించి, కరెంటు గురించి మాట్లాడినట్టే దీని గురించీ మాట్లాడుతున్నాం. 988 అని ఒక నంబర్ ఉంది, 2022 జులై నుంచి దేశమంతా పనిచేస్తోంది. ఫోన్ చెయ్యొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు, ఏ వేళైనా సరే. మనసులో చీకటి బాగా కమ్మినప్పుడు డైరీ సరిపోదు, మనిషి కావాలి. ఈ నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. మీకు అక్కర్లేకపోవచ్చు, మీ పక్కవాడికి కావాల్సి రావచ్చు.

ఇక సర్దుకోవడం. ఓషా అని ఇక్కడ పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఉంది. కన్‌స్ట్రక్షన్ నియమాల్లో 1926.25 అని ఒకటి, పేరు హౌస్‌కీపింగ్. మేకులు పైకి లేచి ఉన్న చెక్కలు, చెత్త, మనుషులు తిరిగే దారిలో, మెట్ల మీద ఉండకూడదు అంటుంది. అందం కోసం కాదు. రేపు పొద్దున్న వచ్చేవాడి కాల్లో మేకు దిగకుండా. ఇంట్లో సర్దుకోవడం కూడా ఇలాగే చూస్తే తేలిక. ఎవరో మెచ్చుకోవాలని కాదు, రేపటి మనకి దెబ్బ తగలకుండా.

మన వలసవాళ్ల ఇళ్లలో కాల్లో దిగే మేకులు ఎక్కువగా కాగితాలే. పాస్‌పోర్ట్ ఎప్పుడు అయిపోతుంది, ఐ-94 తేదీ ఎంత, గ్రీన్‌కార్డ్ అయితే పదేళ్లకి రెన్యూవల్ ఎప్పుడు, డ్రైవింగ్ లైసెన్స్, ఏప్రిల్ 15 నాటికి ట్యాక్స్. ఇల్లు మారితే సిటిజన్ కానివాళ్లు 10 రోజుల్లో ఇమిగ్రేషన్‌వాళ్లకి కొత్త అడ్రస్ చెప్పాలి, చాలామందికి గుర్తుండదు. ఒక ఫైలు పెట్టండి. పైన ఒక కాగితం మీద తేదీలు రాయండి. ఒక ఆదివారం గంటన్నర పని. ఆ ఫైలు ఎక్కడుందో మీ ఆవిడకో మీ ఆయనకో చెప్పండి. సర్దడం అంటే అందులో సగం, ఇంకొకళ్లకి దొరికేలా పెట్టడమే.

ఈ వారం మీకు మూడు పనులు చెప్తాను, అంతకుమించి వద్దు.

ఒకటి. రోజూ సాయంత్రం నాలుగు లైన్లు రాయండి, ఫోన్‌లో అయినా సరే. ఏం జరిగింది, ఏం ఆగింది, ఎందుకు ఆగింది, ఏం మంచి జరిగింది. మీ మీద మీరు విశేషణాలు వాడొద్దు. బద్ధకస్తుణ్ణి, చేతకానిదాన్ని, ఇలాంటివి కొట్టెయ్యండి.

రెండు. వారానికి మూడు నుంచి అయిదు మాటలు మాత్రమే ఇచ్చుకోండి. ప్రతిదానికీ ముందు అడగండి, ఇది చెయ్యడానికి కావాల్సినవన్నీ నా దగ్గర ఉన్నాయా? లేకపోతే ఆ లేనిది తెచ్చుకోవడమే ఈ వారం పని.

మూడు. ఆదివారం పొద్దున్న, కాఫీ తాగాక, పావుగంట లెక్క చూడండి. రాత్రి చూడొద్దు. సగం అయితే మామూలే అనుకోండి. కానిదాని పక్కన కారణం రాయండి. వరుసగా మూడు వారాలు ఒకే కారణం వస్తుంటే సంతోషించండి, అసలు అడ్డం దొరికింది.

కాంక్రీట్ పోసిన మర్నాడు ఎవరూ దాని మీద బరువు పెట్టి పరీక్ష చెయ్యరు. మామూలుగా ఏడో రోజు ఒకసారి, ఇరవై ఎనిమిదో రోజు ఒకసారి చూస్తాం. ఈలోపు చేసేది దాన్ని తడిగా ఉంచడం, ఎండకీ చలికీ కాపాడటం. కొత్త అలవాటుకి కూడా ఆ మాత్రం గడువివ్వండి.

ఉంటానండీ. ఈ ఆదివారం మీ లెక్క ఎంత శాతం వచ్చిందో, ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో మాకు రాయండి. కానివాటి గురించి రాసినా సిగ్గుపడక్కర్లేదు, మాకు అవే ఎక్కువ పనికొస్తాయి. నమస్కారం.